మూడోనాటికి తగ్గిపోయే జ్వరం

మూడోనాటికి దానంతటదే తగ్గిపోయే జ్వరం ఉందే, అది డాక్టర్లని పాడుచేసినంతగా ఇంకేదీ పాడుచెయ్యదు. మొదటిరోజు చూసినవాడు తిట్లు తింటాడు. రెండోరోజు చూసినవాడు రక్తపరీక్షలు రాస్తాడు. మూడోరోజు ఎవరు సూది పొడిస్తే వాళ్ళ పేరు ఊళ్ళో మోగిపోతుంది. సూదిలో మందున్నా ఒకటే, ఉత్త నీళ్ళున్నా ఒకటే. పిల్లల వైద్యంలోకి వస్తున్న మీలాంటివాళ్ళకి ఈ ముక్క ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను. నాకు తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది.

నా సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నాకు కుదురు లేదు. కుర్చీలో కూచుని ఓపీ చూడమంటే చూస్తాను గానీ, ఏదైనా తేలకుండా మనసులో నలుగుతుంటే లేచి వరండాలో తిరగడం మొదలుపెడతాను. మేడమ్ గారు తిరుగుతున్నారంటే లోపల ఏ పిల్లకో బాగాలేదని అర్థం అని మా హెడ్ నర్సు కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పేదట. నోరు కూడా అంతే. అనాలనుకున్నది అనేస్తాను, తర్వాత బాధపడతాను, మర్నాడు మళ్ళీ అనేస్తాను. ఇప్పుడు ఆ రెండింటినీ ఇంట్లోవాళ్ళు భరిస్తున్నారు.

తొంభైల చివర్లో సంగతి ఇది. కోనసీమలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పిల్లల డాక్టరుగా ఉన్నాను. ఏ ఊరో చెప్పను, అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. పెద్ద తుఫానులో కొబ్బరితోటలు పడిపోయాక పనులు దొరక్క, చాలా ఇళ్ళలో మొగుళ్ళు ఇక్కడుండి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి అరబ్బుల ఇళ్ళలో పనికి కుదిరిన రోజులవి. పిల్లల్ని అమ్మమ్మలు పెంచేవారు. ఐ.పోలవరం అవతలినించి ఒకామె తన మనవరాల్ని తీసుకొచ్చేది. పిల్లకి పన్నెండు దాటి పదమూడు. తల్లి కువైట్‌లో ఉంది, తండ్రి కొబ్బరికాయలు ఒలిచే పనికి పోతాడు. ఆ అమ్మమ్మకి కుడికాలు బోదకాలు. మోకాలి కిందనించి స్తంభంలా ఉండేది, చీర కుచ్చెళ్ళు కిందికి లాగి దాచుకునేది.

ఆ పిల్లకి రెండు మూడు వారాలకోసారి జ్వరం వచ్చేది. వచ్చిందంటే నిప్పులు. దాంతోపాటు కడుపులో నొప్పి, చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. మూడోనాటికి ఏమీ ఎరగనట్టు లేచి బడికి వెళ్ళిపోయేది. ఇదికాక ఎడమ మోకాలు వాచి ఉండేది. పొద్దున్న లేస్తే కాలు చాపలేదు, కుంటుకుంటూ నడిచి పదిగంటలకి కాస్త సర్దుకునేది. పిల్ల బక్కగా, ఆ వయసుకి ఉండాల్సిన పొడవు లేకుండా ఉండేది.

ఈ పిల్లని చూడని డాక్టరు లేడంటే నమ్మండి. ఊళ్ళో ఆర్‌ఎమ్‌పీ టైఫాయిడ్ అన్నాడు, బాటిల్ ఎక్కించాడు, తగ్గింది. ఒకాయన గొంతులో పుట్టిన జ్వరం కీళ్ళకీ గుండెకీ పాకుతోందని పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టాడు, తగ్గింది. ఇంకొకాయన ప్రైమరీ కాంప్లెక్స్ అని క్షయ మందులు మింగించాడు, తగ్గింది. ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో అపెండిక్సు అని కడుపు కోశారు. అపెండిక్సు బుద్ధిమంతురాలిలా ఉందట, అయినా తీసేశారు. అదీ తగ్గింది. నేను మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాను, నాకూ తగ్గింది. మా అందరి మందులూ పనిచేశాయి, పిల్ల మాత్రం బాగుపడలేదు. మోకాలికి ఎముకల డాక్టరు రాసిన నొప్పి మాత్రలు ఆర్‌ఎమ్‌పీ ఆపకుండా ఇస్తూనే ఉన్నాడు.

కాకినాడ పెద్దాసుపత్రికి పంపుదామంటే అదో కథ. ఎదుర్లంక దాకా బస్సు, అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటడం, యానాంలో మళ్ళీ బస్సు. బయల్దేరడానికి డబ్బూ మనిషీ కుదిరి అక్కడికి చేరేసరికి పిల్ల కిటికీ పక్కన కూచుని జామకాయ తింటూ ఉండేది. ఇంత బాగున్న పిల్లని ఎందుకు పంపారని అక్కడివాళ్ళు చీటీమీద రాసి పంపేవారు. ఆ చీటీ చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మంట ఎవరిమీద చూపించాలో తెలియక వరండాలో తిరిగేదాన్ని.

ఒక ఆదివారం నేనే కాకినాడ వెళ్ళి కాలేజీ లైబ్రరీలో కూచున్నాను. మాకు చదువు చెప్పిన ప్రొఫెసర్ గారు ఒక పిల్లకి ఒకటే రోగం వెతకమని నేర్పారు. రెండు రోగాలు చెప్పేవాడికి ఒక్కటీ తెలియనట్టే లెక్క అనేవారు. అందుకని అన్నిటికీ సరిపోయే ఒక్క పేరు కోసం వెతికాను. ఒక లావుపాటి పుస్తకంలో సగం పేరా దొరికింది. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో కొన్ని కుటుంబాల్లో వచ్చే జ్వరం. సూక్ష్మజీవి ఏదీ ఉండదు. ఒంట్లో కాపలా కాసే వ్యవస్థ, వీధిలో ఎవరూ లేకుండానే కుక్క మొరిగినట్టు, ఊరికే రెచ్చిపోయి జ్వరం తెప్పిస్తుంది, కడుపులో పొరని, కీళ్ళని వాపెక్కిస్తుంది, రెండు మూడు రోజులకి దానంతటదే చల్లారుతుంది. ఏళ్ళ తరబడి మందు లేకుండా వదిలేస్తే కిడ్నీలు పాడవుతాయి. ఆ చివరి వాక్యం చదివాక పుస్తకం మూసేసి లేచాను. బస్సులో కూడా కుదురుగా కూచోలేకపోయాను, కండక్టరు రెండుసార్లు అడిగాడు, ఎక్కడ దిగాలండీ అని.

కానీ అది ఎక్కడి రోగం, మనమెక్కడ? ఆ సంగతి తేల్చే జన్యుపరీక్ష మాకు అందుబాటులో లేదు. నా దగ్గరున్నది సగం పేరా, ఒక అనుమానం. అనుమానంతో పదమూడేళ్ళ పిల్లకి ఏళ్ళ తరబడి మింగాల్సిన మందు ఎలా రాస్తాం? ఆలోచిస్తూనే ఉన్నాను. అంతలో ఆ రోజు వచ్చింది.

పొద్దున్నే ఆటోలో తెచ్చారు. పిల్ల మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. జ్వరం పేలిపోతోంది. కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. చెయ్యి దగ్గరికి తీసుకెళ్తేనే గుడ్లు తేలేస్తోంది. మా సర్జను గారు వచ్చి చూశారు. ఆయన గురించి చెప్పాలి. నాకంటే చిన్నవాడు, చెయ్యి మంచిది, మాట తక్కువ. నాకూ ఆయనకీ పడేది కాదు. నేను ఎక్కువ మాట్లాడతానని ఆయనకి, ఆయన తొందరగా కత్తి తీస్తాడని నాకు. ఆయన పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టీపెట్టకుండానే తేల్చేశారు. మోకాలికి మింగిన నొప్పి మాత్రలు పొట్టలో పుండు చేశాయి, పుండు చిల్లు పడింది, ఇప్పుడే కొయ్యాలి.

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. అన్ని నెలలు ఆ మాత్రలు మింగితే పెద్దవాళ్ళకే పొట్ట చిల్లు పడుతుంది. చిల్లు పడితే గంటలు లెక్క, ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు. కాకపోతే ఇది ఆ వచ్చిపోయే జ్వరమే అయితే, ఏమీలేని కడుపుని రెండోసారి కోసినట్టు. ఆ ఒంటికి అది తట్టుకోవడం కష్టం, తట్టుకున్నా లోపల పేగులు అతుక్కుని జీవితాంతం బాధ. నిలబెట్టి ఎక్స్‌రే తీయించాం. చిల్లు పడితే కనపడాల్సిన గాలి కనపడలేదు. కనపడనంత మాత్రాన లేదని కాదని సర్జను గారు అన్నారు, అదీ నిజమే. రక్తంలో తెల్లకణాలు విపరీతంగా పెరిగాయి. రెండింట్లో ఏదున్నా అవి పెరుగుతాయి. ఏ పరీక్షా ఇటో అటో చెప్పలేదు.

తండ్రి కాగితం మీద వేలిముద్ర వేసేశాడు. మీరేం చెప్తే అదేనండి అని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. హెడ్ నర్సు పిల్లని థియేటర్‌కి సిద్ధం చెయ్యడానికి బట్టలు మార్పించబోతే అమ్మమ్మ అడ్డుపడింది. లంగా పైకెత్తనివ్వదు. కాలు ముట్టుకోవద్దంటుంది. హెడ్ నర్సు నన్ను పక్కకి పిలిచి, ఈ ముసలావిడ పొద్దుటినించీ పిల్లని ఒక్కసారి కూడా ముట్టుకోలేదండి, మంచానికి ఆ చివర నిలబడే ఉంది, ఇప్పుడు మమ్మల్నీ ముట్టుకోనివ్వట్లేదు అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక పక్క పిల్ల ప్రాణం పోతుంటే ఈవిడ గోలేంటని గట్టిగానే అన్నాను. నేనే వెళ్ళి లంగా పైకి జరిపాను.

కుడికాలికి పిక్కనించి చీలమండ దాకా పట్టు వేసి ఉంది. ఉమ్మెత్తాకు, పసుపు నూరి మందంగా మెత్తి, పైన పాతగుడ్డ చుట్టింది. కడిగించాను. కింద, ముందుపక్క ఎముక మీద, అరచెయ్యంత మేర ఎర్రగా కందిపోయి వేడిగా ఉంది. అంచులు కూడా స్పష్టంగా ఉన్నాయి.

మా ప్రాంతంలో పెరిగినవాళ్ళు ఎవరైనా ఆ మచ్చ చూసి ఒకటే మాటంటారు. చలితో జ్వరం, కాలు ఎర్రగా కందడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, మూడోనాటికి తగ్గడం, అది బోదకాలు మొదలయ్యే పద్ధతి. డాక్టర్లూ అదే అంటారు, నేనూ అంతకుముందు ఎన్నోసార్లు అన్నాను, చాలాసార్లు అదే నిజం. పక్కన సర్జను గారు అదే అన్నారు. కాలు సంగతి ఫైలేరియా, దానికి మాత్రలిద్దాం, కడుపు సంగతి వేరు, కడుపు నాకు వదిలెయ్యండి.

అమ్మమ్మ నేలమీద కూలబడింది.

"నా కాలే దానికొచ్చిందండి డాక్టరమ్మగారూ. నా పక్కలో పడుకునేదండి చిన్నప్పుడు. తెలిసేక దూరంగా పెట్టేనండి. చాప వేరు, సబ్బు వేరు. దగ్గరికి కూడా రానివ్వట్లేదండి. ఎవరికీ తెలియకూడదని పట్టు వేసి దాచేనండి. ఆడపిల్ల కదండి."

నేను అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఈ ఎర్రమచ్చ ఎప్పుడెప్పుడు వస్తుంది? కడుపు నొప్పి జ్వరం వచ్చినప్పుడేనండి. ప్రతిసారీనా? కాదండి, ఒక్కోసారి. ఎప్పుడు పోతుంది? జ్వరంతోపాటే పోతుందండి. వాపు మిగులుతుందా? ఏమీ ఉండదండి, మర్నాటికి తెల్లగా అయిపోతుంది. ఇంతకాలం ఎంతమంది డాక్టర్లకి చూపించారో వాళ్ళలో ఒక్కరికైనా ఈ కాలు చూపించారా? లేదండి.

లైబ్రరీలో చదివిన ఆ సగం పేరాలో ఇంకో వాక్యం ఉంది. కొందరిలో జ్వరంతోపాటు కాలి ముందుభాగాన, చీలమండ దగ్గర ఎర్రటి మచ్చ వస్తుందని. చదివినప్పుడు పట్టించుకోలేదు, ఎందుకంటే ఈ పిల్లకి లేదనుకున్నాను. మచ్చ, కడుపు, జ్వరం మూడూ ఒకటేనని, కొయ్యకండని సర్జను గారితో అన్నాను. పుస్తకంలో పేరు చెప్పాను, ఎక్కడి రోగమో కూడా చెప్పాను.

ఆయన చేతులు కడుక్కుంటున్నవాడల్లా ఆగి, చాలా మర్యాదగా అన్నారు.

"మేడమ్, ఇది గోదావరండి. మధ్యధరా సముద్రం కాదు."

నర్సులు తలలు దించుకున్నారు. నాకు నవ్వూ కోపం రెండూ వచ్చాయి. ఈ గోదావరి ఒడ్డుకి ఎన్ని ఓడలు వచ్చిపోయాయో, ఎవరి రక్తం ఎవరిలో ఉందో మీకూ నాకూ తెలుసా అన్నాను. అది వైద్యం కాదని ఆయనా అన్నారు, నేనూ ఒప్పుకున్నాను. చివరికి ఒప్పందం కుదిరింది. థియేటర్ సిద్ధంగా ఉంటుంది. గంటగంటకీ ఆయనే, ఆయన చెయ్యే, పిల్ల కడుపు చూస్తుంది. నాడి పెరిగినా, కడుపు ఇంకా బిగిసినా, నన్ను అడగకుండా తీసుకుపోతారు. నేను సరేనన్నాను. ఆయన ఒక మాట అన్నారు, ఇది మీ మాట మీద నేను పెడుతున్న సంతకం, పిల్లకి ఏమైనా అయితే ఇద్దరం కలిసే జవాబు చెప్పుకోవాలి అని. అంత మాట తక్కువ మనిషి నాతో అన్న అతి పెద్ద వాక్యం అదే.

ఆ రోజు ఎలా గడిచిందో చెప్పాలంటే నాకు ఇప్పుడూ కాళ్ళు ఆగవు. ఓపీలో పిల్లలు బారులు తీరారు. ఒకరికి దగ్గు, ఒకరికి విరేచనాలు, ఒకరి ముక్కులో చింతగింజ. చూస్తూనే ఉన్నాను, మధ్యలో లేచి వార్డుకి పరిగెత్తుతున్నాను. నాడి చూడ్డం, రావడం, మళ్ళీ వెళ్ళడం. చింతగింజ తల్లి, అమ్మా మీరు కూచోండమ్మా అని నాకే ధైర్యం చెప్పింది. హెడ్ నర్సు టీ తెచ్చి పెట్టింది, చల్లారింది, తీసుకుపోయి వేడిచేసి తెచ్చింది, మళ్ళీ చల్లారింది. మూడోసారి ఆవిడే తాగేసింది.

తప్పయితే? అదే తిరుగుతోంది బుర్రలో. పుస్తకంలో సగం పేరా కోసం, నా పంతం కోసం ఒక పిల్ల పొట్టలో చీము నిండుతోందేమో. కువైట్‌లో ఎవరింట్లోనో అంట్లు తోముతున్న తల్లికి ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు? అంత భయం నా పిల్లల విషయంలో కూడా పడలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్ల వాంతి చేసుకుంది. నాడి పెరిగింది. సర్జను గారు కడుపు చూసి, ట్రాలీ తెమ్మని సైగ చేశారు. నేను అడ్డం నిలబడ్డాను. వాంతి చేసుకున్నప్పుడు ఎవరికైనా నాడి పెరుగుతుంది, కాసేపాగి మళ్ళీ చూడండి, అప్పుడూ ఇలాగే ఉంటే నేనే ట్రాలీ తోస్తానన్నాను. ఆయన నా మొహంలోకి చూశారు. తిడతారనుకున్నాను. మంచం పక్కన స్టూలు లాక్కుని కూచున్నారు. పిల్ల మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ అలాగే ఉన్నారు. ఆ కాసేపూ నేను గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. నాడి మెల్లగా దిగింది. ఆయన తల ఊపి, ట్రాలీ పక్కన పెట్టమన్నారు, తీసెయ్యమనలేదు.

పొద్దువాలే వేళకి ఓపీ అయిపోయి వార్డులోకి వచ్చాను. సర్జను గారు అప్పటికే అక్కడ ఉన్నారు. పిల్ల మోకాళ్ళు కాస్త చాపింది. ఆయన చెయ్యి కడుపు మీద ఉంది, పిల్ల ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది, నొక్కకుండా. కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది. అప్పుడు, ఇంతసేపూ మూలుగు తప్ప మాట లేని పిల్ల, చాలా మామూలుగా అంది.

"ఆకలేస్తోందండి."

పొట్ట చిల్లుపడి లోపల చీము పట్టిన పిల్ల ఆకలి అనదు. ఏ ఎక్స్‌రే చెప్పలేనిది ఆ ఒక్కమాట చెప్పింది. సర్జను గారు పక్కనున్న ఖాళీ మంచం మీద కూలబడ్డారు. ఏం తింటావమ్మా అని అడిగారు, పిల్ల ఇడ్లీ అంది, ఆయన ఇవాళ గ్లూకోజు నీళ్ళే అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, నావి అంతకంటే తడిగా ఉన్నాయి, ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటే మీరు నాలాంటివాళ్ళే. మర్నాడు నేను గెలిచినట్టు వార్డులో తిరుగుతుంటే సర్జను గారు నన్ను ఆపి చల్లగా అన్నారు. మూడోనాటికి తగ్గితే మీ రోగమే అని రుజువైనట్టా? అలా అయితే మీకూ ఆ ఆర్‌ఎమ్‌పీకీ తేడా ఏముంది మేడమ్? ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. రుజువు కావాలంటే జ్వరం తగ్గడం కాదు, రావడం ఆగాలి.

ఆ జ్వరాన్ని ఆపే మందు కొత్తదేం కాదు. కాలి బొటనవేలు వాచి బాధపడే పెద్దవాళ్ళకి ఇచ్చే పాత మాత్ర, కాల్చిసిన్. మెడికల్ షాపాయన చీటీ చూసి, ఇది ముసలాళ్ళ మందండి, పేరు పొరపాటు పడ్డారేమో కనుక్కోమని తండ్రిని వెనక్కి పంపాడు. నేనే వెళ్ళి పొరపాటు కాదని చెప్పొచ్చాను. పుండు భయం ఉంది కనక నొప్పి మాత్రలు ఆపించాను. రోజూ ఈ మాత్ర మింగాలి, జ్వరం లేకపోయినా మింగాలి, కిడ్నీలకి అదే కాపలా అని అమ్మమ్మకి చెప్పాను. ఆవిడ ఆయ్ అంది. మా వైపు ఆయ్ అంటే విన్నామని అర్థం, నమ్మామని కాదు.

తర్వాత వారాలు ఎలా ఉన్నాయో ఏం చెప్పను. వస్తుందని భయపడేదాని కోసం చూడ్డం ఒక రకం. రాకుండా ఉండాలని చూడ్డం ఇంకో రకం, దీనికి అంతు ఉండదు. ఐ.పోలవరం బస్సు వచ్చే వేళకి నా తల గేటువైపు తిరిగేది. పిల్ల వస్తే గుండె దడ, రాకపోతే ఇంకా దడ. వచ్చినప్పుడల్లా మూత్రం పరీక్షనాళికలో కాచి చూసేదాన్ని, తెల్లటి తెట్టు కడితే కిడ్నీ దెబ్బతింటోందని అర్థం. కట్టలేదు. రెండు మూడు వారాలకోసారి వచ్చే జ్వరం ఆ నెలలో రాలేదు. మరు నెలా రాలేదు. సర్జను గారికి చెప్తే, ఇంకో రెండు నెలలు చూడండి అన్నారు. ఆ రెండు నెలలూ రాలేదు. అప్పుడాయన నా గదిలోకి వచ్చి, ఆ పుస్తకం పేరేంటో చెప్పండి అన్నారు. నాకు అంతకంటే పెద్ద బిరుదు ఇంకెవరూ ఇవ్వలేదు.

కానీ మోకాలు మాత్రం అలాగే ఉంది. కడుపు నొప్పి పోయింది, మచ్చ పోయింది, జ్వరం పోయింది, మోకాలు వాపు ఇంచు కూడా కదల్లేదు. పొద్దున్నపూట కుంటడం అలాగే ఉంది. మాత్ర చాలలేదేమోనని నేను, మందు సరిగ్గా మింగట్లేదేమోనని హెడ్ నర్సు. ఒక్క పేరుతో అన్నీ తేలిపోవాలన్న ప్రొఫెసర్ గారి మాట నా నెత్తిమీద కూచుంది. ఒకరోజు విసుగొచ్చి, అమ్మమ్మని కాకుండా పిల్లనే అడిగాను, నీ మోకాలి నొప్పి ఆ జ్వరంతోపాటు పెరిగేదా తగ్గేదా అని. పిల్ల అమ్మమ్మ వైపు చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు. మా దగ్గర పిల్లల్ని ఎవరు తీసుకొస్తే వాళ్ళే రోగం చెప్తారు, పిల్ల నోరు విప్పితే అధికప్రసంగం. నేను చెప్పమన్నాను. దానికీ దీనికీ సంబంధం లేదండి, అది వచ్చి పోతుంది, ఇది ఎప్పుడూ ఉంటుంది అంది.

హైదరాబాద్‌లో కీళ్ళవాతం చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపాను. ఈసారి జ్వరం ఉన్నప్పుడు పరిగెత్తించాల్సిన పని లేదు, మోకాలు ఎక్కడికీ పోదు. ఆయన రాసిందేమిటంటే, జ్వరం నేను చెప్పినదే, మోకాలిది పిల్లల్లో వచ్చే వేరే కీళ్ళవాతం, రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఇలాంటి పిల్లల్లో అలా జరుగుతుంటుంది. వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర మొదలుపెట్టి, కళ్ళు కూడా చూపిస్తూ ఉండమన్నారు. ఈ కీళ్ళవాతం చడీచప్పుడు లేకుండా కంట్లోకి పోతుందట. కొన్ని నెలలకి మోకాలు దిగింది. ప్రొఫెసర్ గారు బతికుంటే వెళ్ళి చెప్పేదాన్ని, రెండు ఉంటాయండీ ఒక్కోసారి అని. ఆయన ఒప్పుకునేవారు కాదు, అది వేరే సంగతి.

పిల్ల కుంటకుండా నడిచి వచ్చిన రోజున అమ్మమ్మకి మళ్ళీ మొదటినించీ చెప్పాను. అప్పటికీ ఆవిడ బెంచీకి ఒక చివర, పిల్ల ఇంకో చివర కూచునేవారు. ఇంట్లో చాప ఇంకా వేరే. అదే నన్ను తినేస్తోంది. ఆవిడకి ఇది బోదకాలు కాదన్న నమ్మకం కుదరకపోతే, నేనెప్పుడో బదిలీ అయిపోయాక, జ్వరం లేదు కదా అని మాత్ర ఆపేస్తుంది, మళ్ళీ మచ్చ వస్తే పట్టు వేసి దాచేస్తుంది, కిడ్నీలు పోయాకగానీ బయటపడదు. అందుకని గట్టిగా చెప్పాను. బోదకాలు దోమకాటువల్ల వస్తుంది, పక్కలో పడుకుంటే రాదు, పైగా పిల్లది బోదకాలే కాదు, మీ కాలికీ దీని కాలికీ ఏ సంబంధం లేదు.

ఆవిడ ఈసారి ఆయ్ అనలేదు. నన్నే ఎదురు అడిగింది.

"నా కాలినించి రాలేదంటారు, ఒప్పుకున్నానండి. మరి నా నించి? నాకూ చిన్నప్పుడు కడుపులో ఇలాగే వచ్చి పోయేదండి. మా అమ్మ వామునీళ్ళు పట్టేది. పెళ్ళయ్యేక తగ్గింది."

ఈ జ్వరం రక్తంలోనించే వస్తుంది. కాదంటే అబద్ధం, ఆవిడ పసిగడుతుంది, ఇక నా మాట ఏదీ నమ్మదు. అవునంటే ఈ బెంచీ ఆ చివరినించి ఇంక ఈ జన్మకి ఇటు జరగదు. లేచి కిటికీ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పడానికే తెగించాను.

"అయ్యుండొచ్చండి. కానీ ఒక్కవైపునించి వస్తే ఈ జబ్బు పైకి తేలదు. రెండు వైపులనించీ రావాలి. వాళ్ళ నాన్న వైపునించి సగం, మీ వైపునించి సగం."

ఆవిడ తలుపు దగ్గర నిలబడ్డ అల్లుడి వైపు తిరిగి చూసింది. అతను మందుల పొట్లం పట్టుకుని, తనకేం తెలియనట్టు నేల చూస్తున్నాడు.

"సగం అల్లుడుగారిదా అండీ?"

"సగం ఆయనదే."

ఆవిడ మొహంలో కండరాలు ఒక్కొక్కటీ వదులయ్యాయి. నవ్వింది. అన్నాళ్ళలో ఆవిడ నవ్వడం నేను అప్పుడే చూశాను. మొత్తం నాదేననుకుని మోసేనండి ఇన్నాళ్ళూ అని, బెంచీ ఆ చివరికి చెయ్యి చాపి, ఇలా రావే అంది. పిల్ల నమ్మలేనట్టు అక్కడే ఉండిపోయింది. ఆవిడే జరిగి, చెయ్యి పట్టి లాగి, అంత పిల్లనీ ఆ బోదకాలి మీదుగా ఒళ్ళోకి ఎత్తుకుంది.

"బరువున్నానే అమ్మమ్మా" అంది పిల్ల, లేవబోతూ.

"ఉండవే," అంది ఆవిడ, "సగమేగా నాది."